ఒకే తారీఖు: సెప్టెంబరు 17, బొల్లారం దాకా వచ్చిన శుక్రవారం

సైనిక్‌పురిలో ఏ వీధిలోకి తిరిగినా గేట్ల మీద పేర్లకి ముందు హోదాలు కనిపిస్తాయి. కర్నల్, బ్రిగేడియర్, వింగ్ కమాండర్. పక్క కాలనీ పేరు వాయుపురి, ఆ పక్కది డిఫెన్స్ కాలనీ. త్రివిధ దళాల అధికారులకీ నిర్వహణ పాఠాలు చెప్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ ఇక్కడే ఉంది. ఇటు తిరుమలగిరి, అటు బొల్లారం, రెండూ పటాలం పేటలే. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న నాటి నుంచీ సికింద్రాబాద్ సిపాయిల ఊరే. పాతవాళ్ల నోట దాని పేరు ఇప్పటికీ లష్కరే.

గత భాగంలో ఆగస్టు 20 గురించి చెప్పుకున్నాం. 1897లో ఆ రోజున ఇదే సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఈసారి తారీఖు సెప్టెంబరు 17. 1948లో ఆ రోజు సాయంత్రం నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పులు ఆపమని ఉత్తరువిచ్చాడు. భారత సైన్యం బొల్లారం, సికింద్రాబాద్‌లకు రావచ్చని ఒప్పుకున్నాడు. తెలుగు నేల చరిత్రలో ఇంత పేరున్న తారీఖులు తక్కువ. ఇన్ని తగాదాలున్నవి ఇంకా తక్కువ.

ఒకే తారీఖున జరిగిన సంఘటనలను వరసగా పేర్చడం తేలిక, గోడ క్యాలెండరు కూడా ఆ పని చేస్తుంది. ఈ ధారావాహికలో మనం మొదటి నుంచీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. రెండు సంఘటనలు ఒకే తారీఖున కనిపిస్తే ముందు వాటి మధ్య లంకె ఏమిటని అడుగుతాం. మూడు రకాల జవాబులు వస్తాయి. ఒకటి, ఏ లంకే లేదు, ఉత్త కాకతాళీయం. రెండు, తారీఖు కలవడం కాకతాళీయమే అయినా మనుషులో కారణాలో రెంటినీ కలుపుతున్నాయి. మూడు, ఎవరో కావాలనే ఆ తారీఖుని ఎంచుకున్నారు. సెప్టెంబరు 17 ఈ మూడింటికీ ఉదాహరణలిస్తుంది.

ఒక రోజుకి నాలుగు తారీఖులు

అసలు ‘ఒకే తారీఖు’ అంటే ఏ పంచాంగం ప్రకారం? 1948లో హైదరాబాద్ సంస్థానంలో ఈ ప్రశ్న చిన్నది కాదు. భారత సైన్యం డైరీల్లో అది సెప్టెంబరు 17, శుక్రవారం. నిజాం దఫ్తర్లలో నడిచేది ఫసలీ సంవత్సరం, అప్పటికి 1357. మసీదులో లెక్క హిజ్రీ 1367, జిల్‌ఖద్ నెల. తెలుగు ఇంట్లో పంచాంగం తిరగేస్తే సర్వధారి నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చతుర్దశి. అంటే అనంత పద్మనాభ చతుర్దశి, వినాయకుణ్ణి నీటిలో కలిపే రోజు.

తిథి ప్రకారం స్మరించుకునే ఆచారం ఉండి ఉంటే ఈ వార్షికోత్సవం ఏటా హైదరాబాద్‌లో నిమజ్జనం రోజునే వచ్చేది. ఇంగ్లీషు తారీఖు పట్టుకున్నాం గనక రెండూ విడిపోయాయి. అయినా అప్పుడప్పుడూ కలుస్తాయి. 19 సౌర సంవత్సరాలకీ 235 చాంద్రమాసాలకీ నిడివి దాదాపు సమానం. అందుకే 19 ఏళ్లకోసారి తిథీ తారీఖూ ఒక రోజు అటూ ఇటూగా తిరిగి జత కూడతాయి. 1948కి నాలుగు పంతొమ్మిదులు, అంటే 76 కలిపితే 2024. ఆ ఏడు సెప్టెంబరు 17నే హైదరాబాద్‌లో గణేశ నిమజ్జనం జరిగింది. అదే రోజు పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఉత్సవం, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర ప్రభుత్వ ఉత్సవం కూడా జరిగాయి. మిలాద్-ఉన్-నబీ ఆ ఏడు సెప్టెంబరు 16న వచ్చింది. నిమజ్జనం రద్దీ చూసి దాని ఊరేగింపుని 19కి మార్చుకున్నారు. చంద్రుడి లెక్కా సూర్యుడి లెక్కా ఒకే రోజున ఎదురుపడితే బందోబస్తు పోలీసులకి ఎంత పనో ఆ రోజు తెలిసింది.

విశ్వకర్మ జయంతి సంగతి వేరు. అది సూర్యుడు కన్యారాశిలోకి వచ్చే సంక్రమణాన్ని బట్టి వస్తుంది, కాబట్టి మన కాలంలో దాదాపు ప్రతి ఏడూ సెప్టెంబరు 17నే పడుతుంది. కర్మాగారాల్లో ఆ రోజు పనిముట్లకు పూజ చేస్తారు. చంద్రుణ్ణి అనుసరించే పండగ తారీఖుకి నిలవదు, సూర్యుణ్ణి అనుసరించేది నిలుస్తుంది. దీనికీ 1948కీ ఏ సంబంధమూ లేదు. ఇది మొదటి రకం, ఉత్త కాకతాళీయం.

సోలాపూర్ నుంచి అయిదు రోజులు

1947 ఆగస్టు 15న దేశం స్వతంత్రమైంది. హైదరాబాద్ మాత్రం అటు పాకిస్తాన్‌లోనూ ఇటు భారత్‌లోనూ కలవలేదు. ఆ ఏడు నవంబరు 29న భారత్‌తో యథాతథ ఒప్పందం కుదిరింది. దాన్ని అనుసరించి సికింద్రాబాద్ కంటోన్మెంటులోని భారత సైన్యం 1948 ఆరంభంలో ఖాళీ చేసి వెళ్లిపోయింది. లష్కర్‌లో లష్కరు లేకుండా పోయింది. ఆ ఖాళీలో నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల జోరు పెరిగింది. ఆగస్టు 21 రాత్రి ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నగరంలోనే చంపారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లి ఊరి మీద పడి ఊచకోత కోశారు. అప్పటికే నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగ సాయుధ పోరాటం రెండేళ్లుగా నడుస్తోంది.

సెప్టెంబరు 11న జిన్నా కరాచీలో చనిపోయాడు. 13న, సోమవారం తెల్లవారుజామున, భారత సైన్యం సరిహద్దు దాటింది. పేరు ఆపరేషన్ పోలో. దక్షిణ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ మహారాజ్ రాజేంద్రసింహ్‌జీ ఆధ్వర్యంలో ప్రధాన దళం పడమటి దిక్కున సోలాపూర్ నుంచి బయల్దేరింది. దాన్ని నడిపింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి, ఆయన చేతిలో ఉన్నది 1వ ఆర్మర్డ్ డివిజన్. తూర్పున బెజవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళం కదిలింది.

మొదటి రోజే నల్‌దుర్గ్ దగ్గర వంతెన చెక్కు చెదరకుండా భారత దళాలకు చిక్కింది. అది కూలిపోయి ఉంటే లెక్క వేరేగా ఉండేది. సోలాపూర్ నుంచి హైదరాబాద్‌కి దాదాపు 300 కిలోమీటర్లు, దారిలో నదులూ వాగులూ ఉన్నాయి. తూర్పున కోదాడ, మునగాల మొదటి రోజే లొంగాయి. సూర్యాపేట దగ్గర గట్టి ప్రతిఘటన ఎదురైంది. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం మూసీ వంతెనను పేల్చేసింది. 16 నాటికి పడమటి దళం జహీరాబాద్ దగ్గరికొచ్చి మందుపాతరల మధ్య ఆగింది. 17 తెల్లవారేసరికి బీదర్ భారత్ చేతిలో ఉంది. తూర్పు దళం చిట్యాల దాకా వచ్చింది. నగరం రెండు వైపులా బిగిసింది.

నిజాం సైన్యం సుమారు 22 వేలమంది. వాళ్లలో నిజంగా యుద్ధానికి తయారైనవాళ్లు కొద్దిమందే. కరాచీ నుంచి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు రాత్రిళ్లు విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. ట్యాంకుల ముందు అవి చాలలేదు. సేనాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ యుద్ధం చూసినవాడు, ఈ లెక్క ఆయనకు తెలియనిది కాదు.

17 ఉదయం ప్రధాని మీర్ లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్ కె.ఎం. మున్షీ అప్పటిదాకా బొల్లారంలోని నివాసంలో కాపలా మధ్య ఉన్నాడు. నిజాం ఆయనకు కబురు పంపాడు. సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. రజాకార్లను నిషేధించాడు. ఆ తర్వాత మున్షీ కూడా రేడియోలో మాట్లాడాడు. ఏడు నెలల కిందట పటాలం ఖాళీ చేసి వెళ్లిన చోటుకే మళ్లీ రమ్మని పిలుపొచ్చింది.

ఇక్కడో సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. 17న జరిగింది కాల్పుల విరమణ. లాంఛనంగా లొంగుబాటు జరిగింది మర్నాడు, 18న. ఎద్రూస్ నగరం బయట చౌధురికి లొంగిపోయాడు. రాజ్యాంగపరంగా చూస్తే విషయం ఇంకా ముందుకి జరుగుతుంది. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబరులో. 1950 జనవరి 26న ఆయనే రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నరు లాంటి అధిపతి, అయ్యాడు. అంటే హైదరాబాద్ ‘కలిసిన రోజు’కి కనీసం మూడు తారీఖులు పోటీ పడగలవు. జనం జ్ఞాపకంలో గెలిచింది రేడియో తారీఖు. ఇంట్లో కూర్చుని చెవులారా విన్న తారీఖు అదే.

పారిస్‌లో కేసు, జెరూసలేంలో హత్య

అదే శుక్రవారం నాడు ఇంకో ఖండంలో ఒక హత్య జరిగింది. పాలస్తీనాలో అరబ్బులకూ యూదులకూ మధ్య సంధి కుదర్చడానికి ఐక్యరాజ్యసమితి పంపిన మధ్యవర్తి కౌంట్ ఫోల్కె బెర్నడోట్ జెరూసలేంలో కారులో వెళుతున్నాడు. లేహీ అనే యూదు తీవ్రవాద దళం వాళ్లు జీపు అడ్డం పెట్టి కాల్చి చంపారు. ఆయనతోపాటు ఫ్రెంచి కర్నల్ ఆంద్రె సెరో కూడా చనిపోయాడు. బెర్నడోట్ స్వీడన్ రాజవంశీకుడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో నాజీ శిబిరాల నుంచి వేల మందిని విడిపించిన మనిషి. తన నివేదిక మీద సంతకం చేసింది అంతకు ముందు రోజే.

హైదరాబాద్‌కీ దీనికీ లంకె ఎక్కడుంది? భద్రతా మండలిలో. నిజాం ప్రభుత్వం ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. మొయిన్ నవాజ్ జంగ్ ప్రతినిధి బృందాన్ని తీసుకుని పారిస్ వెళ్లాడు. సెప్టెంబరు 16న మండలి ఈ ఫిర్యాదుని ఎజెండాలోకి తీసుకుంది. భారత్ తరఫున వాదించింది ఆర్కాట్ రామస్వామి ముదలియార్. మండలి తిరిగి ఈ విషయం ఎత్తుకునేలోపే కాల్పులు ఆగిపోయాయి. 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపాడు. 17 నాటి హత్యతో అదే మండలి ముందు పాలస్తీనా మంట ఎగిసింది.

ఇలాంటి చోట చరిత్ర రాసేవాళ్లు తొందరపడతారు. బెర్నడోట్ హత్య వల్లే ప్రపంచం హైదరాబాద్‌ని పట్టించుకోలేదని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ నిలవదు. హైదరాబాద్ కేసు చల్లారింది యుద్ధం అయిదు రోజుల్లో ముగియడం వల్ల, ఫిర్యాదుదారే ఫిర్యాదు వద్దనడం వల్ల. రెండు సంఘటనలూ ఒకే బల్ల మీదికి చేరాయన్నంత వరకే నిజం. అంతకు మించి కారణం అంటగట్టకూడదు.

పాలస్తీనా కథకి మాత్రం ఈ తారీఖు మళ్లీ తగిలింది. సరిగ్గా 30 ఏళ్ల తర్వాత, 1978 సెప్టెంబరు 17న, అమెరికా అధ్యక్షుడు కార్టర్ సమక్షంలో ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ క్యాంప్ డేవిడ్ ఒప్పందాల మీద సంతకాలు చేశారు. 1948లో లేహీ నాయకుల్లో ఒకడైన యిట్జాక్ షమీర్ 1978 నాటికి ఇజ్రాయెల్ పార్లమెంటు స్పీకరు. ఆ ఒప్పందాలు ఓటింగుకి వచ్చినప్పుడు ఆయన తటస్థంగా ఉండిపోయాడు. తర్వాత ప్రధాని కూడా అయ్యాడు. మధ్యవర్తిని చంపిన తారీఖునే మధ్యవర్తిత్వం ఫలించింది. తారీఖు కలవడం కాకతాళీయం, మనిషి ఒకడే కావడం కాకతాళీయం కాదు. ఇది రెండో రకం.

1949: ఢిల్లీలో యూనియన్, మద్రాసులో ద్రావిడనాడు

మరుసటి ఏడు సెప్టెంబరు 17 శనివారం. ఢిల్లీలో రాజ్యాంగ సభ కూర్చుంది. ముసాయిదా సంఘం అధ్యక్షుడు అంబేద్కర్ మొదటి అధికరణానికి కొత్త రూపం ప్రతిపాదించాడు. ఇండియా, అంటే భారత్, రాష్ట్రాల యూనియన్‌గా ఉంటుందన్నది దాని సారం. మర్నాడు ఆదివారమైనా సభ కూర్చుంది, సవరణల మీద వాదోపవాదాలయ్యాక ఆ అధికరణం నెగ్గింది. ఏ సంస్థానం కోసం ఏడాది కిందట ట్యాంకులు కదిలాయో, ఆ హైదరాబాద్ నుంచి సభలో ఒక్క ప్రతినిధి కూడా లేడు. దేశం పేరు తేలుతున్న రోజున మన ఊరి తరఫున చెయ్యెత్తడానికి అక్కడ ఎవరూ లేరు.

అదే 17న మద్రాసులో సి.ఎన్. అన్నాదురై, ఆయన సహచరులు ద్రావిడ మున్నేట్ర కళగం (డీఎంకే) పెట్టారు. పెరియార్ ఇ.వి. రామస్వామితో విడిపోయి వచ్చినవాళ్లు వీళ్లు. అయినా పార్టీ పుట్టుకకి ఆ తారీఖు పెట్టుకున్నారు. 1879లో పెరియార్ పుట్టింది సెప్టెంబరు 17నే. గురువుతో తెగిపోయాక కూడా గురువు పుట్టినరోజు వాళ్లు వదులుకోలేదు. ఇది మూడో రకం, కావాలని ఎంచుకున్న తారీఖు.

ఆ రోజు జరిగిన రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఢిల్లీలో దేశం యూనియన్ అంటున్నారు. మద్రాసులో పుట్టిన పార్టీ అప్పటికి ద్రావిడనాడు వేరు కావాలంటోంది. తెలుగువాళ్లు ఈ రెంటికీ మధ్యన ఉన్నారు. కోస్తా, రాయలసీమ అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనివి, తెలంగాణ సైనిక గవర్నరు చౌధురి పాలనలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా నాలుగేళ్లు, 1953 అక్టోబరు 1 దాకా ఆగాలి. 1963 నాటికి డీఎంకే విడిపోయే డిమాండు వదులుకుంది. 1967లో ఎన్నికల్లో గెలిచి మద్రాసు రాష్ట్రాన్ని ఏలింది. హైదరాబాద్ ట్యాంకులతో యూనియన్‌లో కలిసింది, డీఎంకే ఓట్లతో కలిసింది. రెండో దారి నెమ్మదిది, కానీ ఆ దారిలో లొంగుబాటు పత్రం అవసరం రాలేదు.

ఒక్క రోజు తేడాతో

సైనిక్‌పురి పాఠకులకి ఈ భాగంలో అందరికన్నా దగ్గరి మనిషి తారీఖు లెక్కలో ఇమడడు. ఆయన మరణం 17న కాదు, 16న. అయినా చెప్పకుండా దాటడానికి లేదు.

అర్దేషిర్ బుర్జోర్జీ తారాపూర్ 1923 ఆగస్టు 18న బొంబాయిలో పుట్టిన పార్సీ. 1942లో 7వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీలో అధికారిగా చేరాడు. ఒకసారి శిక్షణలో కొత్త సిపాయి విసిరిన గ్రెనేడు దూరంగా పడకుండా దగ్గరే పడింది. తారాపూర్ దూకి దాన్ని తీసి అవతలికి విసిరాడు. అది పేలి ఆయన ఛాతీకి తునకలు తగిలాయి. చూస్తున్న సేనాధిపతి ఎల్ ఎద్రూస్ పిలిచి మెచ్చుకుంటే, తనను ఆశ్విక దళానికి మార్చమని అడిగాడట. అలా హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌లోకి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పనిచేశాడు.

1948 సెప్టెంబరులో ఎద్రూస్ లొంగిపోయినప్పుడు ఆయన సైన్యంలో తారాపూర్ కూడా ఒక అధికారి. ఆ సైన్యం రద్దయ్యాక 1951లో ఆయన్ని భారత సైన్యంలోని పూనా హార్స్‌లోకి తీసుకున్నారు. ఆ పూనా హార్స్ ఆపరేషన్ పోలోలో పాల్గొన్న రెజిమెంటే. నిన్న ఎదురు పక్షంలో ఉన్న రెజిమెంటుని ఈయన 1965 నాటికి స్వయంగా నడిపిస్తున్నాడు.

1965 యుద్ధంలో సియాల్‌కోట్ రంగంలో 1వ ఆర్మర్డ్ డివిజన్ పాకిస్తాన్ ట్యాంకులను ఎదుర్కొంది. సెప్టెంబరు 11న ఫిల్లోరా మీద దాడిలో లెఫ్టినెంట్ కర్నల్ తారాపూర్ గాయపడ్డాడు. వెనక్కి వెళ్లమంటే వెళ్లలేదు. 14న వజీర్‌వలీ, 16న జస్సోరాన్, బుతుర్ డోగ్రాందీ పట్టుకున్నారు. చవిండా కోసం సాగిన ఆ పోరులో ఆయన రెజిమెంటు దాదాపు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి 9 కోల్పోయింది. 16న గుండు తగిలి ఆయన ట్యాంకు తగలబడింది. మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది.

ఆ రోజు ఢిల్లీలో భారత సైన్యాధిపతి ఎవరు? జనరల్ జె.ఎన్. చౌధురి. 17 ఏళ్ల కిందట సోలాపూర్ నుంచి ఇదే 1వ ఆర్మర్డ్ డివిజన్‌ని నడిపించి ఎద్రూస్ లొంగుబాటు తీసుకున్న మనిషి. ఆయన లొంగదీసుకున్న సైన్యంలోని అధికారే ఆయన సైన్యానికి పరమవీరుడయ్యాడు. తారీఖు ఒక రోజు తప్పిపోయింది కాబట్టి ఏ క్యాలెండరూ ఈ రెంటినీ ఒక గడిలో అచ్చు వేయదు. ఈ భాగంలో చెప్పిన లంకెలన్నిటిలోకీ గట్టిది మాత్రం ఇదే.

ఊరికే కలిసినవి

తక్కినవి త్వరగా చెప్పుకుందాం. 1787 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం మీద సంతకాలయ్యాయి. 1862లో అదే తారీఖున ఆంటీటమ్‌లో అమెరికా అంతర్యుద్ధపు ఒక రోజు పోరాటాల్లోకెల్లా నెత్తుటిది జరిగింది. ఆ యుద్ధం వల్ల అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండు మిల్లులు మన బీరారు పత్తి మీద పడ్డాయి. నిజాం 1853లో బ్రిటిషువాళ్లకి అప్పగించిన నేలే ఆ బీరారు. అయితే ఆ లంకె యుద్ధం మొత్తానిది, ఆ ఒక్క రోజుది కాదు. 1939లో సోవియట్ సేన తూర్పు నుంచి పోలండులోకి దిగింది. 1944లో మిత్రపక్షాలు హాలండు వంతెనల కోసం పారాట్రూపర్లను దింపాయి. 1915లో, 1948 నాటి దండు బయల్దేరిన సోలాపూర్ జిల్లాలోని పంఢర్‌పూర్‌లో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ పుట్టాడు. తర్వాత ఆయన హైదరాబాద్‌ని తన ఊళ్లలో ఒకటిగా చేసుకుని ఇక్కడ సినిమా ఘర్ కట్టాడు. ఇవన్నీ జ్ఞాపకం పెట్టుకోవడానికి సరదాగా ఉంటాయి. వీటి మీద వాదన కట్టకూడదు.

ఎవరి తారీఖు?

హైదరాబాద్ సంస్థానం మూడు భాషల నేల. మరాఠ్వాడా జిల్లాల్లో సెప్టెంబరు 17న ముక్తి సంగ్రామ దినంగా జెండా ఎగరేస్తారు. బీదర్, కలబుర్గి, రాయచూరు వైపు కర్ణాటక ప్రభుత్వం కల్యాణ కర్ణాటక ఉత్సవం చేస్తుంది. తెలంగాణలోనే పేరు మీద పేచీ. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా వజ్రోత్సవాలంది, కేంద్రం అదే రోజు పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినోత్సవం చేసింది. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవమంది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు.

పేర్ల కింద అనుభవాలున్నాయి. రజాకార్ల దాడుల్లో ఇళ్లు తగలబడిన ఊళ్లకి ఆ సాయంత్రం ఊపిరి పీల్చుకున్న సాయంత్రం. దొర భూమి పంచుకుని సాగు చేసుకుంటున్న రైతుకి కొత్త పోరాటం మొదలు. రజాకార్లను ఏరేసిన సైన్యమే తర్వాత కమ్యూనిస్టుల మీదికి తిరిగింది, ఆ పోరు 1951 అక్టోబరు దాకా సాగింది. మరాఠ్వాడా, బీదర్ ప్రాంతాల్లో ఎన్నో ముస్లిం కుటుంబాలకి ఆ తర్వాతి వారాలు చావుకాలం. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్ సంఘం ఊళ్లు తిరిగింది. తక్కువలో తక్కువగా లెక్కగట్టినా 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక దశాబ్దాల తర్వాతగానీ జనానికి అందలేదు. నిజాంకి అది అధికారం పోయిన రోజే, అయినా ఆయన రాజప్రముఖ్‌గా మిగిలాడు. ఒక్క రోజు ఇందరికి ఇన్ని రకాలుగా గడిచినప్పుడు ఒక్క పేరుతో దాన్ని సరిపెట్టడం కుదరని పని. అధికారంలో పార్టీ మారినప్పుడల్లా పేరు మారుతోందంటే కారణం కూడా అదే.

నా తీర్పు ఇది. సెప్టెంబరు 17ని జరుపుకోవచ్చు, దాని పేరు మీద పోట్లాడుకోవచ్చు కూడా. కానీ 13 నుంచి 18 దాకా ఆరు రోజులూ, వాటికి ముందు రజాకార్ల నెలలూ, తర్వాత సుందర్‌లాల్ చూసిన వారాలూ కలిపి చదవనివాళ్లకి ఆ ఒక్క రోజు అర్థం కాదు. తారీఖు చరిత్రలోకి తలుపు మాత్రమే.

సైనిక్‌పురి, వాయుపురి, యాప్రాల్, బొల్లారం పాఠకులకి ఒక విన్నపం. 1948లో ఏ వైపున పనిచేసిన తాతల డైరీలు గానీ, లాన్సర్స్ నాటి ఫొటోలు గానీ, ఉత్తరాలు గానీ మీ ఇంట్లో ట్రంకు పెట్టెల్లో ఉంటే వాటిని పారేయకండి. ఎవరు, ఎక్కడ, ఏ రోజు అన్నది వెనక వైపు రాసి పెట్టండి. నకలు తీయించి తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాలేఖాగారానికి ఇవ్వండి.

(వచ్చే భాగం: సెప్టెంబరు 28. 1895లో వినుకొండలో గుర్రం జాషువా పుట్టిన రోజు, 1908లో మూసీ హైదరాబాద్‌ని ముంచిన రోజు.)